ల్యాబ్రడార్ కొనేముందు: వర్కింగ్ లైనా, షో లైనా?

మీ ప్రశ్న ఇది. ఇంగ్లండ్‌లోని రీడింగ్‌లో ఉంటారు, ఇద్దరు పిల్లలు, చిన్నదానికి ఆరేళ్ళు. ల్యాబ్రడార్ పిల్లని తెచ్చుకోవాలని ఏడాదిగా అనుకుంటున్నారు. వర్కింగ్ లైన్ అంటే వేట పని కోసం తరతరాలుగా ఎంచిన వంశం, షో లైన్ అంటే ప్రదర్శనల్లో నెగ్గడం కోసం ఎంచిన వంశం. ఆఫీసులో ఒకాయన "వర్కింగ్ లైన్ జోలికి పోకు, ఇల్లు పీకి పందిరేస్తుంది" అన్నాడు. పార్కులో కనపడే ఒకావిడ "షో లైన్ అంటే సోఫా మీద దిండే, నాలుగేళ్ళకే తుంటి పోతుంది" అంది. ఇద్దరిలో ఎవరి మాట నమ్మాలి అని అడిగారు. హైదరాబాద్‌లో మీ తమ్ముడు కూడా ఒకటి కొంటానంటున్నాడని రాశారు, ఆ సంగతి చివర్లో చెప్తాను.

ముందు నా సంగతి చెప్పాలి, లేకపోతే నా మాటని ఎంతవరకు తీసుకోవాలో మీకు తెలీదు. పుట్టింది బాపట్ల దగ్గర. సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి లీడ్స్ వచ్చి, తర్వాత నార్త్ యార్క్‌షైర్‌లో ఒక పల్లెకి మారాను. పదిహేడేళ్ళ కింద పక్క పొలం రైతు "శనివారం ఖాళీయేనా, ఒక కర్ర పట్టుకుని రా" అని బీటింగ్‌కి తీసుకెళ్ళాడు. బీటింగ్ అంటే వరసగా నడుస్తూ, పొదల్ని కర్రతో తడుతూ, ఫెజెంట్లనే వేట పక్షుల్ని తుపాకుల వైపు లేపడం. రెండేళ్ళ తర్వాత సొంత కుక్కతో పికింగ్-అప్‌కి మారాను. తుపాకుల వెనక దూరంగా నిలబడి, పడిన పక్షుల్ని, ముఖ్యంగా దెబ్బ తగిలి పరిగెత్తి దాక్కున్నవాటిని, కుక్క చేత వెతికించి తెప్పించే పని. తుపాకీ నేనెప్పుడూ పట్టలేదు. వేట తప్పా ఒప్పా అనేది వేరే పెద్ద చర్చ, దాన్ని ఇక్కడికి లాగకండి. ఫెజెంట్ సీజన్ అక్టోబర్ 1 నుంచి ఫిబ్రవరి 1 దాకా. ఈ నాలుగు నెలలూ వారానికి ఒకటి రెండు రోజులు బురదలోనే ఉంటాను. ఇప్పటిదాకా నాలుగు ల్యాబ్రడార్లు పెంచాను, మూడు వర్కింగ్, ఒకటి షో. అంటే నాకు ఒకవైపు మొగ్గు ఉంది. దాన్ని లెక్కలో పెట్టుకునే చదవండి.

తేడా ఎలా వచ్చిందో అర్థం కావాలంటే ఇంగ్లండ్ దాకా పోనక్కర్లేదు, ఒంగోలు జాతిని చూడండి. అరక దున్నే ఎద్దు, పండక్కి బండలాగుడు పందెంలో దిగే ఎద్దు, పశు ప్రదర్శనలో మూపురం, గంగడోలు చూపించి బహుమతి కొట్టే ఆబోతు, మూడూ ఒంగోలే. మన దగ్గర్నుంచి బ్రెజిల్ వెళ్ళినవాటిని అక్కడివాళ్ళు నెలోర్ అని మన నెల్లూరు పేరుతోనే పిలుస్తూ, మాంసం కోసం ఎంచుతూ పోయారు. ఇప్పుడు రెండిటినీ పక్కపక్కన కట్టేస్తే చుట్టాలని తెలుస్తుంది గానీ అన్నదమ్ములని ఎవరూ అనరు. ఏ ఆబోతుని ఏ ఆవు మీదకి వదలాలో ప్రతి తరంలోనూ ఎవరో ఒకరు తేలుస్తారు. ఆ మనిషి దేన్ని చూసి మురిసిపోతాడో మంద అటే పోతుంది. గన్‌డాగ్స్‌లో, అంటే వేటకుక్కల్లో, జరిగింది అచ్చం ఇదే.

మొదట్లో ఈ రెండూ ఒకటే గుంపు. 1859లో న్యూకాసిల్‌లో పెట్టిన మొట్టమొదటి డాగ్ షోకి వచ్చినవి పాయింటర్లు, సెట్టర్లు మాత్రమే. గెలిచినవాళ్ళకి ఇచ్చిన బహుమతులు తుపాకులు! అంటే వేటగాళ్ళే వాళ్ళ వేటకుక్కల్ని తెచ్చి చూపించుకున్నారు. 1865లో బెడ్‌ఫర్డ్‌షైర్‌లోని సౌతిల్‌లో మొదటి ఫీల్డ్ ట్రయల్ జరిగింది, అంటే పొలంలో పని చేయించి మార్కులు వేసే పోటీ. 1873లో కుక్కల జాతుల్ని నమోదు చేసే కెన్నెల్ క్లబ్ పుట్టింది. ల్యాబ్రడార్‌ని వేరే జాతిగా ఆ క్లబ్ గుర్తించింది 1903లో. ఆ రోజుల్లో ఒకే కుక్క శనివారం పొలంలో, మరో వారం షో రింగ్‌లో కనపడేది. కౌంటెస్ హౌ అనే ఆవిడ బ్యాంకరీ పేరుతో కెన్నెల్ నడిపింది. ఆవిడ కుక్క బ్యాంకరీ బోలో ల్యాబ్రడార్లలో మొదటి డ్యూయల్ ఛాంపియన్, అంటే షోలోనూ ఫీల్డ్ ట్రయల్‌లోనూ ఛాంపియన్. ఆవిడదే బ్రామ్‌షా బాబ్ 1932లో, 1933లో వరసగా క్రఫ్ట్స్ అనే పెద్ద డాగ్ షోలో బెస్ట్ ఇన్ షో, అంటే మొత్తం షోలో మొదటి బహుమతి, గెలిచింది. అదీ డ్యూయల్ ఛాంపియనే. ఈ దేశంలో అలాంటి ల్యాబ్రడార్లు మొత్తం పది వచ్చాయి. చివరిది 1946లో పుట్టిన నేత్ బాంజో. దాని తర్వాత ఇంతవరకు ఒక్కటీ రాలేదు.

ఎందుకు రాలేదు? ఎవరూ కుట్ర చేయలేదు. పోటీ అనేదే అలాంటిది. ఓపెన్ ఫీల్డ్ ట్రయల్‌లో పన్నెండో ఇరవై నాలుగో కుక్కలుంటాయి. పక్షిని పళ్ళతో నలిపితే అవుట్. కూతపెట్టినా, చెప్పకుండా పరిగెత్తినా, నీళ్ళలో దిగకపోయినా అవుట్. ఇవన్నీ దాటి మధ్యాహ్నానికి మిగిలినవన్నీ మంచి కుక్కలే. వాటిలో ఒకదాన్ని జడ్జి ఎలా ఎంచాలి? కొంచెం ఎక్కువ వేగం, కొంచెం ఎక్కువ స్టైలు ఉన్నదాన్ని. అలా ఎంచినదాని దగ్గరికే మర్నాటి నుంచి ఆడకుక్కలు బారులు తీరతాయి. రింగ్‌లోనూ అంతే. చివరికి మిగిలిన అయిదారూ స్టాండర్డ్‌కి, అంటే జాతి ఎలా ఉండాలో రాసిపెట్టినదానికి, సరిపోయేవే. కొంచెం ఎక్కువ ఎముక, కొంచెం వెడల్పు తల, కొంచెం ఒత్తు బొచ్చు ఉన్నదానికి బహుమతి కార్డు దక్కుతుంది. ఏ ఒక్క ఏడాదీ ఎవరూ తప్పు చేయలేదు. ఆ 'కొంచెం' మాత్రం డెబ్బై ఏళ్ళు పేరుకుంది.

ల్యాబ్రడార్ బ్రీడ్ స్టాండర్డ్‌లో మగదాని ఎత్తు 56 నుంచి 57 సెంటీమీటర్లు, ఆడదానిది 55 నుంచి 56. బరువు అంకె లేదు. ఆ ఖాళీలోనే బరువు పెరుగుతూ పోయింది. మా సీత, ట్రయల్ రక్తం, 24 కిలోలు. మా భీముడు, షో రక్తం, 36 కిలోలు. ఒకే జాతి, ఇంచుమించు ఒకే ఎత్తు. సీత ముక్కు సన్నం, కాళ్ళు పొడుగు, నడుం దగ్గర సన్నబడుతుంది. తెలియనివాళ్ళు చూసి "ల్యాబ్ క్రాసా?" అని అడుగుతారు. భీముణ్ణి చూసి ఎవరూ ఆ మాట అడగలేదు.

గోల్డెన్ రిట్రీవర్లో రంగు కూడా విడిపోయింది. షో గోల్డెన్లు మీగడ రంగు, పొలంలోవి ముదురు. స్టాండర్డ్‌లోనే ఎరుపు, మహాగని పనికిరావని రాసుంది కాబట్టి బాగా ముదురువి రింగ్‌కి దూరం. స్ప్రింగర్ స్పానియల్ అయితే రెండు వేరే జాతులనే అనుకోవచ్చు. దానికి తోడు 2007లో ఇంగ్లండ్‌లో తోక కత్తిరించడం నిషేధించారు, పనిచేసే స్పానియళ్ళకీ ఇంకొన్నిటికీ మాత్రం సర్టిఫికెట్‌తో మినహాయింపు. ఆ ఏడాది ఏప్రిల్ 6 తర్వాత తోక కత్తిరించిన కుక్కని, జనం టికెట్ కొని వచ్చే షోలో చూపించకూడదు, అది చేసే పనిని చూపించడానికైతే తప్ప. అంటే పుట్టిన అయిదు రోజుల్లోపే పిల్ల ఎటు పోవాలో తేలిపోతోంది! చట్టం చేసినవాళ్ళ ఉద్దేశం అది కాదు గానీ, రెండు లైన్ల మధ్య గోడ ఇంకో అడుగు లేచింది.

అన్నిచోట్లా ఇలాగే అవ్వాలని రూలేం లేదు. జర్మనీలో డాయిచ్ డ్రాట్‌హార్ అనే గరుకు బొచ్చు వేటకుక్క ఉంది. అక్కడ పని పరీక్షలు పాసై, శరీరం, బొచ్చు కూడా బాగున్నాయని తేలితేనే పిల్లలు పెట్టనిస్తారు. అందం పని రెండూ ఒకే తలుపులోంచి పోవాలి. కాబట్టి అది రెండుగా చీలలేదు.

ఇప్పుడు మీ ఆఫీసాయన మాటకి వస్తాను. సగం నిజం, కానీ ఆయన చెప్పింది వేరే కుక్క గురించి.

రిట్రీవర్, అంటే ల్యాబ్‌లా పడిన పక్షిని తెచ్చే కుక్క, పని ఏంటో ఒకసారి ఊహించుకోండి. పొద్దున తొమ్మిదింటికి వెళ్తాం. డ్రైవ్, అంటే పక్షుల్ని లేపే ఒక విడత, మొదలయ్యాక నలభై నిమిషాలు చుట్టూ తుపాకులు పేలుతుంటాయి, పక్షులు కళ్ళ ముందే పడుతుంటాయి. అంతసేపూ కుక్క నా ఎడమ కాలి పక్కన, బెల్టు లేకుండా, చప్పుడు చేయకుండా కూర్చోవాలి. తర్వాత పేరు పిలిస్తే లేచి మూడొందల గజాలు పోవాలి. రోజులో ముప్పావు వంతు దాని పని కూర్చోవడమే. మంచి వర్కింగ్ ల్యాబ్‌లో కొన్ని తరాలుగా ఎంచుకుంటూ వచ్చింది ఈ కుదురుని కూడా. మా సీత ఇంట్లో ఉందో లేదో తెలీదు. రేడియేటర్ పక్కన చాప మీద పడుకుంటే సాయంత్రం అన్నం గిన్నె చప్పుడుకి లేస్తుంది.

స్పానియల్ పని దానికి తలకిందులు. దాని పని ఆగకపోవడం. ముళ్ళపొదలో దూరి, బయటికొచ్చి, మళ్ళీ దూరి, రోజంతా. వర్కింగ్ కాకర్, అంటే కాకర్ స్పానియల్‌లో పని రకం, ఇప్పుడు ఇక్కడ బాగా ఫ్యాషన్. చిన్నది, ముద్దొస్తుంది, కారులో పడుతుంది. ఇల్లు పీకి పందిరేసేది అదే. ఆఫీసాయన దాన్నో, దాని యజమాని పడే పాట్లనో చూసుంటాడు. ల్యాబ్ దొరకడంలేదని వర్కింగ్ కాకర్ వైపు మాత్రం చూడకండి, మీకు పొద్దునా సాయంత్రం గంటేసి దాని బుర్రకి పని చెప్పే ఓపిక ఉంటే తప్ప.

అలాగని వర్కింగ్ ల్యాబులన్నీ సీతలు కావు. నా మొదటి కుక్క గౌరి విషయంలో నేను చేసింది చెప్తాను. పెడిగ్రీ కాగితంలో, అంటే కుక్క వంశవృక్షంలో, ఛాంపియన్ల పేర్లు ఎర్రసిరాతో రాస్తారు. గౌరి కాగితం అయిదు తరాల వెనక్కి పెళ్ళి శుభలేఖలా ఎర్రగా ఉంది. నేను మురిసిపోయాను. అమ్మినవాళ్ళు "ఇది మీకు మొదటి కుక్కా?" అని అడగలేదు, నేనూ చెప్పలేదు. సైకిల్ నేర్చుకునేవాడికి బుల్లెట్ బండి ఇచ్చినట్టయింది. ఎనిమిది నెలలకే, తర్ఫీదుకి పక్షి బదులు విసిరే కాన్వాస్ డమ్మీ చేతిలోంచి వదలకముందే బాణంలా పోయేది. నాకది గొప్పగా అనిపించి రోజుకి ముప్పై సార్లు విసిరాను. ఫలితం ఏంటంటే, మొదటి సీజన్లో డ్రైవ్ మధ్యలో సన్నగా, కెటిల్ ఈలలా, కూత మొదలుపెట్టింది. కూర్చోలేదు, ఏడుస్తుంది. కూత ఒకసారి అలవాటైతే పోదు. గేమ్‌కీపర్, అంటే వేట పక్షుల్నీ వేట ఏర్పాట్లనీ చూసుకునే మనిషి, ఒకటి రెండు వారాలు ఊరుకుని, తర్వాత నన్ను అడివి చివర, ఎవరికీ వినపడని మూల నిలబెట్టాడు. ఏడేళ్ళు ఆ మూలలోనే పనిచేశాం. తప్పులో సగం నాదే. మిగతా సగం ఆ 'కొంచెం ఎక్కువ' లోంచి వచ్చింది. ట్రయల్ గెలవడానికి తయారైన వేడి రక్తం, చేయి తిరిగిన మనిషి చేతిలో ఉండాల్సింది.

కాబట్టి వర్కింగ్ లైన్ అనే మాట లోపల కూడా రెండున్నాయి. పోటీ గెలిచే ట్రయల్ కుక్క, మామూలు వేటలో పనిచేసే షూట్ కుక్క. మన బండలాగుడు ఎద్దుకీ అరక ఎద్దుకీ ఉన్న తేడానే. ప్రకటనలో రెండిటికీ ఒకటే పేరు రాస్తారు.

ఇక పార్కులో ఆవిడ మాట. దానికి భీముడి కథ చెప్పాలి. వాణ్ణి నేను కొనలేదు. షోలు చేసే ఒక పెద్దావిడ దగ్గర రెండేళ్ళు పెరిగాడు. పళ్ళ వరస కాస్త తేడా వచ్చి రింగ్‌కి పనికిరాడని తేలాక నాకిచ్చింది. నేనైతే "పాపం, పిల్లలతో ఆడుకుంటాడులే" అనుకుని తెచ్చాను. తుపాకీ చప్పుడుకి బెదరలేదు కాబట్టి వెంట తీసుకెళ్ళేవాణ్ణి. మాతో వచ్చేవాళ్ళు వాడికి "సోఫా" అని పేరు పెట్టారు.

ఒక జనవరి, నేల గడ్డకట్టి ఉంది. మగ ఫెజెంట్ ఒకటి రెక్క విరిగి పడి, లేచి, రాతిగోడ సందులోంచి అవతల వాగు వైపు పరిగెత్తింది. సీతని పంపాను. నాలుగడుగుల గోడ ఒక్క దూకు, అవతల పడి వాసన పట్టి పరుగో పరుగు. ఆ వేగంలో పక్షి మలుపు తిరిగిన చోటు దాటేసింది. వెనక్కి పిలిచి మళ్ళీ పంపాను, మళ్ళీ దాటేసింది. గేమ్‌కీపర్ నవ్వుతూ "ఆ సోఫాని పంపి చూడు" అన్నాడు. భీముడు గోడ దగ్గరికెళ్ళి దాన్నొకసారి చూశాడు. దూకలేదు. ముప్పై గజాలు పక్కకి నడిచి గేటు కిందనుంచి దూరాడు. అందరూ నవ్వారు. తర్వాత ముక్కు నేలకి ఆనించి, నడకే, పరుగు లేదు, గోడ వెంట, ఎండిన దురదగొండి మొక్కల్లోంచి, వాగు గట్టు దాకా పోయి కనపడకుండా పోయాడు. పదిహేను నిమిషాలు. నేను విజిల్ నోట్లో పెట్టుకుని ఊదాలా వద్దా అని ఊగిసలాడుతుంటే తిరిగొచ్చాడు, పొట్ట దాకా తడిసి, నోట్లో పక్షితో. పక్షి బతికే ఉంది, తల తిప్పి నన్ను చూస్తోంది. ఈక చెదరలేదు. మళ్ళీ గేటు కిందనుంచే వచ్చాడు.

ఇక్కడితో ఆపితే కథ బాగుంటుంది గానీ మిగతాదీ చెప్పాలి. ఆ రోజు రెండింటికల్లా వాడి పని అయిపోయింది. వెనక కాళ్ళు బిగుసుకుపోయి, వ్యాన్ ఎక్కించడానికి ఎత్తాల్సి వచ్చింది. సీత చీకటి పడేదాకా పరిగెత్తి, ఇంటికొచ్చి ఇంకా ఏమన్నా ఉందా అన్నట్టు చూసింది. ముక్కు, మెత్తటి నోరు, బుర్ర షో రక్తంలోంచి పోలేదు. పోయింది ఒంట్లో సత్తువ, పని మీద ఆకలి. అవి కూడా అన్నిట్లో కాదు.

ఇంకో సంగతి పనివాళ్ళు ఒప్పుకోరు. షో కుక్క చేసేదీ పనే. తెల్లారుజామున లేచి రెండొందల మైళ్ళు వ్యాన్‌లో పోయి, బర్మింగ్‌హామ్ హాల్లో వేలమంది జనం, వేల కుక్కల మధ్య రోజంతా బెంచీ మీద పడుకుని, ముక్కూ మొహం తెలియని మనిషి నోరు తెరిచి పళ్ళు చూస్తే, ఒళ్ళంతా తడిమితే తోక ఊపుతూ నిలబడాలి. అలా నిలబడలేనిది రింగ్‌లో నెగ్గదు. ఆరేళ్ళ పిల్ల ఉన్న ఇంటికి ఆ గుణం చిన్న విషయం కాదు.

ఆరోగ్యం విషయంలో ఎవరి పిచ్చి వారికానందం. షో వైపు బరువు, దాన్తో కీళ్ళ బాధలు. అతి ఎక్కడిదాకా పోతుందో చూడాలంటే క్లంబర్ స్పానియల్. 2012 క్రఫ్ట్స్‌లో కెన్నెల్ క్లబ్ మొదటిసారి పదిహేను జాతుల్లో గెలిచినవాటికి బయటి వెట్‌తో పరీక్ష చేయిస్తే ఆరు ఫెయిలయ్యాయి, వాటిలో క్లంబర్ ఒకటి. ఒకప్పుడు నాటింగ్‌హామ్‌షైర్ అడవుల్లో రోజంతా పనిచేసిన జాతి అది. కానీ వర్కింగ్ అంటే ఆరోగ్యం అని గుడ్డిగా నమ్మితే అదీ మోసమే. పరిగెత్తుతూ పరిగెత్తుతూ వెనక కాళ్ళు పడిపోయే ఈఐసీ, కండరాలు నీరసించే సీఎన్ఎం, కాళ్ళు పొట్టిగా వచ్చే ఎస్‌డీ2, ఇవన్నీ ట్రయల్ రక్తంలో చూడాల్సినవి. గెలిచిన ఒకే మగకుక్కని అందరూ వాడితే, అది మోసే లోపం కూడా దేశమంతా పంచుకుంటాం. డీఎన్ఏ పరీక్ష ఉంది కాబట్టి ఇప్పుడు తప్పించుకోవడం తేలిక, అడగడమే మీ పని.

తిండి గురించి ఒక ముక్క. 2016లో కేంబ్రిడ్జ్ పరిశోధకులు పీఓఎంసీ అనే జీన్‌లో ఒక చిన్న ముక్క ఊడిపోవడాన్ని ల్యాబ్రడార్లలో కనిపెట్టారు. సుమారు నాలుగో వంతు ల్యాబులకి అది ఉంటుంది, వాటికి కడుపు నిండిందన్న సంగతి తెలీదు. ఆ అధ్యయనంలో చూసిన సహాయక కుక్కల్లో అయితే నాలుగింట మూడింటికి ఉంది. తిండి మీద యావ ఉన్నది త్వరగా నేర్చుకుంటుంది కాబట్టి అలాంటివే ఎంపికవుతున్నాయేమో అని వాళ్ళ ఊహ. షో ల్యాబ్ లావుగానే ఉండాలి అని ఎవరన్నా అంటే నమ్మకండి. పక్కటెముకలు చేతికి తగలాలి, ఏ లైన్ అయినా సరే. భీముడి 36 కిలోల్లో నాలుగు మా అమ్మ పెట్టిన ఇడ్లీలవి. ఆవిడ ఇండియా వెళ్ళాక ఆరు నెలలు పట్టింది దించడానికి.

సరే, మీరేం చేయాలి.

లైన్ పేరు పక్కన పెట్టి తల్లిని చూడండి. ఇంగ్లండ్‌లో 2020 ఏప్రిల్ నుంచి మధ్యవర్తులు పిల్లల్ని అమ్మకూడదు, పుట్టిన చోట తల్లితో కలిపి చూపించాలి. ఈ హక్కుని వదులుకోకండి. తల్లి మీ దగ్గరికి తోకూపుతూ వచ్చిందా, మీ చిన్నదాన్ని చూసి ఏం చేసింది, మీరు టీ తాగుతున్నంతసేపు ఎక్కడ పడుకుంది, ఇవి రాసుకోండి. తండ్రి ఎంత గొప్ప ఛాంపియన్ అయినా పిల్లల్ని ఎనిమిది వారాలు పెంచేది తల్లే.

నేనైతే మీ ఇంటికి, దగ్గర్లో ఏదో చిన్న షూట్‌లో వారానికోసారి పనిచేసి, మిగతా ఆరు రోజులు వంటింట్లో పిల్లల మధ్య పడుకునే ఆడకుక్క పిల్లని వెతుకుతాను. పెడిగ్రీలో ఎర్రసిరా అక్కడక్కడా ఉంటే మంచిదే, గౌరి కాగితంలా మొత్తం ఎర్రగా ఉంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. పేరు ముందు ఎఫ్‌టీసీహెచ్ అని ఉంటే ఫీల్డ్ ట్రయల్ ఛాంపియన్. ఎస్‌హెచ్ సీహెచ్ అని ఉంటే షో ఛాంపియన్. ఉత్త సీహెచ్ అని ఉంటే షోలో గెలవడంతోపాటు పొలంలో పని పరీక్ష కూడా పాసైందని అర్థం. చప్పుడుకి బెదరకపోవడం, వెతకడం, మెత్తగా పట్టి తేవడం చూసే పరీక్ష అది. షో వైపు వెళ్ళాలనుకుంటే ఈ ఉత్త సీహెచ్ ఉన్న ఇళ్ళని వెతకండి. తక్కువే ఉంటాయి, కానీ వాళ్ళకి రెండు వైపులా చూపుంటుంది.

తల్లీతండ్రీ ఇద్దరి హిప్ స్కోర్ అడగండి. రెండు తుంట్లూ కలిపి సున్నా నుంచి 106 దాకా వేస్తారు, ఎంత తక్కువైతే అంత మంచిది. మోచేతులు సున్నా రావాలి. కళ్ళ పరీక్ష కాగితం, పైన చెప్పిన డీఎన్ఏ పరీక్షలు చూపించమనండి. కుక్క రిజిస్టర్డ్ పేరు కొడితే కెన్నెల్ క్లబ్ వెబ్‌సైట్‌లోనే ఈ ఫలితాలన్నీ కనపడతాయి, బ్రీడర్ మాట నమ్మాల్సిన పనే లేదు. రంగు మీద పట్టుబట్టకండి. ఫాక్స్ రెడ్ అని ఎక్కువ డబ్బు అడిగేది పసుపులో ఒక ఛాయ, అంతే. చాక్లెట్ కావాలని మీ పెద్దవాడు అడుగుతున్నాడన్నారు. 2018లో వచ్చిన ఒక అధ్యయనంలో ఇక్కడి ల్యాబుల మధ్యస్థ ఆయుష్షు 12 ఏళ్ళుంటే, చాక్లెట్ వాటిది 10.7 ఉంది. వాడికి ఈ అంకె చెప్పకండి, మీరు గుర్తుపెట్టుకోండి.

మీ తమ్ముడి సంగతి. మన దేశంలో వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఇలాంటి వేటకి ఇప్పుడు అనుమతి లేదు. ఫీల్డ్ ట్రయల్ గెలిచిన తల్లిదండ్రులు హైదరాబాద్‌లో ఎక్కడినుంచి వస్తాయి? అక్కడ ప్రకటనలో 'వర్కింగ్ లైన్' అని రాస్తే, ఏ పని, ఎక్కడ, ఎవరు చూశారు అని అడగమనండి. నిజంగా పనిచేసే ల్యాబులు అక్కడున్నాయి. మొయినాబాద్‌లోని పోలీసు ఇంటెలిజెన్స్ శిక్షణ అకాడమీలో బాంబులు, మత్తుమందులు పసిగట్టడానికి తర్ఫీదిస్తారు. కానీ ఇన్‌స్టాలో పిల్లల్ని అమ్మేవాడికి దాంతో సంబంధం ఉండదు. 'హెవీ బోన్, బిగ్ హెడ్, ఇంపోర్టెడ్ ఛాంపియన్ బ్లడ్‌లైన్' అనేది అక్కడ అమ్మకపు మంత్రం. ఏప్రిల్, మే ఎండల్లో ఆ హెవీ బోన్‌ని మోయాల్సింది కుక్కే. వాడికి నా సలహా ఒక్కటే, ఒకే ఈతలో పుట్టిన పిల్లల్లో అందరికంటే లావుగా, బొద్దుగా ఉన్నదాన్ని వదిలేసి, తల్లీతండ్రీ తుంటి ఎక్స్‌రే చూపించేవాడి దగ్గర కాస్త తేలికపాటి పిల్లని తీసుకోమనండి. అమెరికాలో ఉన్న చుట్టాలు 'ఇంగ్లిష్ ల్యాబ్ మంచిది, అమెరికన్ ల్యాబ్ అల్లరిది' అంటే కంగారుపడకండి. అక్కడ షో రకాన్ని ఇంగ్లిష్ అనీ, పని రకాన్ని అమెరికన్ అనీ పిలుస్తారు. నా సీత ఇంగ్లండ్‌లోనే పుట్టింది, వాళ్ళ లెక్కలో అది అమెరికన్.

బ్రీడర్‌కి ఫోన్ చేసినప్పుడు ఒక ప్రశ్న తప్పకుండా అడగండి: "సీజన్ అయిపోయాక, ఫిబ్రవరిలో, మీ కుక్క రోజంతా ఏం చేస్తుంది?" పని కుక్కని బాగా పెంచినవాళ్ళు దీనికి నవ్వి, ఏదో ఒకటి చెప్తారు, బూట్లు ఎత్తుకుపోతుందనో, పొయ్యి దగ్గర్నుంచి లేవదనో. "కెన్నెల్‌లో ఉంటుంది" అని ఒక్క ముక్కలో తేల్చేస్తే అది చెడ్డ కుక్క అని కాదు, మీ ఇంట్లో ఎలా ఉంటుందో వాళ్ళకే తెలీదని.

ఏదన్నా ఈత నచ్చితే పెడిగ్రీ కాగితం ఫోటో ఇక్కడే కింద పెట్టండి, ఫోన్ నంబరూ అడ్రసూ మూసేసి. ఎర్రసిరా పేర్లు చూసి ఏది ఎటువైపుదో చెప్తాను. అక్టోబర్ వచ్చాక శని, సోమవారాలు నా జవాబు కాస్త ఆలస్యం అవుతుంది.